ఒకే మాధ్యమం పట్టుకోవాలా? నీటిరంగులు, లినో, మట్టి, ఇప్పుడు చేర్యాల గుడ్డ

రంగులడబ్బా (కూకట్‌పల్లి)

అందరికీ నమస్కారం. నాది ఆఫీసు ఉద్యోగం. బొమ్మలు సాయంత్రాలు, ఆదివారాలు. నీటిరంగులతో మొదలై అక్రిలిక్‌కి, అక్కణ్ణుంచి లినో ప్రింటుకి (లినోలియం పలక చెక్కి, సిరా పూసి అచ్చు తీయడం) వచ్చాను. మధ్యలో మట్టి, కాస్త బాతిక్. ఇప్పుడు మనసంతా చేర్యాల పటాల మీద, అంటే కథ చెప్పడానికి గుడ్డ మీద వేసే బొమ్మల మీద ఉంది. బొమ్మ కన్నా ముందు, ఆ గుడ్డని సిద్ధం చేసే పద్ధతి మీద.

ఇంటికి ఎవరొచ్చినా ఒకటే మాట: "ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవచ్చు కదమ్మా." ప్రేమతోనే అంటారు. నాకు మాత్రం చేతిలో సామాను మారినప్పుడల్లా చూపు మారుతోంది. అది వదులుకోవాలని లేదు. అమ్మడానికి గీయట్లేదు కాబట్టి నాకంటూ ఒక శైలి త్వరగా కుదరాలన్న తొందరా లేదు.

ఇక్కడ చాలామంది రెండు మూడు రకాలు చేస్తున్నారని తెలుసు. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా వెళ్తున్నారు? పాతది చేజారిపోకుండా ఎలా చూసుకుంటున్నారు? చేర్యాల గుడ్డకి పూత వేయడం దగ్గరుండి చూసినవాళ్ళుంటే దయచేసి వివరంగా చెప్పండి. ఇంకొకటి: ఈ ఎండలకి నీటిరంగు వాష్ (కాగితమంతా పలచగా పరిచే పూత) కాగితం సగానికి రాకముందే ఆరిపోతోంది. మీరంతా ఏం చేస్తున్నారు?

గోల్కొండగీతలు

మీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను, ఎందుకంటే మన ఊళ్ళో ప్రతి ఏప్రిల్లో ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. పాశ్చాత్య దేశాల వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళకి ఎదురయ్యే మొదటి ఇబ్బంది ఇది. అక్కడి చల్లటి తేమగాలికి వాళ్ళు చెప్పే సమయాలు మన మే నెలకి పనికిరావు. 40 డిగ్రీలు, పైగా పొడిగాలి. తడి కాగితం మీదినుంచి నీళ్ళు కళ్ళముందే ఎగిరిపోతాయి.

నేను చేసేది చెప్తాను. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు), పూర్తి కాటన్‌ది. దాన్ని రెండు వైపులా బాగా తడిపి ఒక అద్దం పలక మీద పరుస్తాను. కింది వైపు తడి కాగితాన్ని అద్దానికి పట్టి ఉంచుతుంది, పైన తడి తగ్గుతుంటే కింది నుంచి అందుతుంది. చెక్కబల్ల అయితే ఆ నీళ్ళు బల్లే తాగేస్తుంది, అందుకే అద్దం. ఫ్యాను కట్టేయాలి, కూలరు గాలి నేరుగా తగలకూడదు. రంగు కలిపే నీళ్ళలో ఒక్క చుక్క గ్లిజరిన్ వేస్తే ఆరడం నెమ్మదిస్తుంది. ఎక్కువ వేస్తే మాత్రం బొమ్మ ఎప్పటికీ జిగటగానే ఉంటుంది. రంగు ముందే ఎక్కువ కలిపి పెట్టుకోండి, వాష్ మధ్యలో ఆగి కలుపుకునే వ్యవధి మన ఎండ ఇవ్వదు. కుంచె కూడా మీరు అలవాటుపడినదానికన్నా పెద్దది తీసుకోండి.

అక్రిలిక్‌కి కూడా ఇదే బాధ కదా. దానికి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో తడి స్పాంజి, దానిపైన బటర్ పేపరు, ఆ కాగితం మీద రంగులు. మూత పెట్టేస్తే మర్నాటి సాయంత్రానికి కూడా మెత్తగా ఉంటాయి.

ఇక అసలు ప్రశ్న. మన చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ గారి పనులు ఒకచోట పెట్టి చూడండి. ఎచింగులు (లోహపు రేకు మీద గీసి తీసే అచ్చులు), నీటిరంగులు, పాస్టెల్, గాజు వెనక వేసిన బొమ్మలు, కాల్చిన మట్టి, కంచు. అన్నిట్లోనూ ఆయన గీత ఆయనదే. ఆయన పుట్టిన ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్ మనుషులు, మేకలు, చెట్లు అన్నిట్లోకీ నడిచి వస్తాయి. మాధ్యమం మారితే మనిషి చెదిరిపోతాడన్నది నేను ఒప్పుకోను.

నల్లబొగ్గు

ఒప్పుకోనివాడు ఒకడు ఉండాలి కాబట్టి రాస్తున్నాను, కోపంతో కాదు.

ప్రతి మాధ్యమంలోనూ మొదట ఒక సంబరం ఉంటుంది. కొత్త సామాను, కొత్త వాసన, చేయి పెట్టగానే ఏదో ఒకటి వస్తుంది. ఆ తర్వాత ఒక మొండి దశ వస్తుంది. ఎంత గీసినా అక్కడే ఉంటాం. నీటిరంగుల్లో అది నీళ్ళు ఎంత కలపాలో అర్థంకాని దశ. నూనెరంగుల్లో అన్ని రంగులూ కలిసి బురదయ్యే దశ. సరిగ్గా ఆ సమయంలోనే కొత్త మాధ్యమం పిలుస్తుంది. వెళ్ళిపోతే మళ్ళీ మొదటి సంబరం దొరుకుతుంది. అలా ఎన్ని మారినా ఆ మొండి దశ దాటి అవతల ఏముందో ఎప్పటికీ తెలియదు.

తోట వైకుంఠం గారిని చూడండి. దశాబ్దాలుగా అవే తెలంగాణ ఆడవాళ్ళు, అదే పెద్ద ఎర్రబొట్టు, అవే నిండు రంగుల చీరలు. ఒకే చోట నిలబడి అంత లోతు తీశారు. నేను రోజూ బొగ్గుతోనే గీస్తాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది నాకు కొత్తది చూపిస్తూనే ఉంది. గీత కుదరకుండా ఎన్ని రంగులు మార్చినా ప్రయోజనం ఉండదని నా గట్టి నమ్మకం.

గోల్కొండగీతలు

మీరు చెప్పిన మొండి దశ నిజం, అందులో వాదన లేదు. ఒక్క సంగతి గుర్తుచేస్తాను. లక్ష్మా గౌడ్, వైకుంఠం ఇద్దరూ బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గర చదువుకున్నవాళ్ళే. ఆయన మట్టి పలకలు చేశారు, గాజు వెనక బొమ్మలు వేశారు, గోడచిత్రాలు చేశారు, పిల్లలు ఆడుకునే బొమ్మలూ చేశారు. ఒకే గురువు దగ్గర నేర్చుకున్న ఇద్దరూ రెండు దారుల్లో వెళ్ళారు. కాబట్టి ఇది స్వభావానికి సంబంధించినది.

రంగులడబ్బా

నల్లబొగ్గు గారూ, మీ మాట నాకు బాగా తగిలింది, మంచి అర్థంలోనే. దానికి నా దగ్గరున్న జవాబు ఇది.

నేను మాధ్యమం మారుస్తాను గానీ వస్తువు మార్చను. నాది ఒకటే వస్తువు: మన రాళ్ళు. ఖాజాగూడ, దుర్గం చెరువు, మౌలాలి. 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. బీటల్లోకి నీళ్ళు దిగి, మూలలు అరిగి, పొరలు పొరలుగా ఊడి గుండ్రంగా మారినవి. ఒకదాని మీద ఒకటి నిలబడి ఇప్పుడు పడతాయా అన్నట్టుంటాయి. ఎక్కడ పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నా నాకు కడుపు తరుక్కుపోతుంది. సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళ నడకలకి వెళ్ళడం మొదలుపెట్టాక మరీను.

నీటిరంగుల్లో వేసినప్పుడు నాకు కనిపించింది ఆ రాళ్ళ వెచ్చదనం. పొద్దున బూడిద రంగులో ఉన్న రాయి ఐదింటికి గులాబీ, ఇటుక రంగుల మధ్య ఎక్కడో ఉంటుంది. లినోకి వచ్చేసరికి రంగు లేదు, మధ్య ఛాయ లేదు. చెక్కితే తెలుపు, వదిలేస్తే నలుపు, అంతే. రాయి గుండ్రంగా తిరిగే చోట వెలుగు ఎక్కడ ఆగుతుందో తేల్చుకోకుండా ఉలి కదలదు. ఆ అంచు కోసం అదే రాయి ముందు ఎంతసేపు కూర్చున్నానో! అంతకుముందు నీటిరంగుల్లో ఆ అంచుని తడిలో కరిగించేసేదాన్ని, అక్కడ నిజంగా ఏముందో చూడాల్సిన అవసరమే రాలేదు. లినో చేశాక మళ్ళీ నీటిరంగులు పడితే నీడలు ఒక్క పూతలో ధైర్యంగా పడుతున్నాయి. మట్టిలో చేసినప్పుడేమో రాయి వెనకవైపు కూడా ఉందన్న సంగతి చేతులకి తెలిసింది.

అందుకే అంటున్నాను, వస్తువు మారకపోతే మీరు చెప్పిన మొండి దశనే ప్రతిసారీ కొత్త వైపునుంచి ఎదుర్కొంటున్నామేమో.

నల్లబొగ్గు

ఇది నేను ఆలోచించని కోణం. వస్తువు స్థిరంగా ఉంచడం అన్న షరతు పెట్టుకుంటే నా అభ్యంతరం చాలావరకు పోతుంది. అయినా రోజూ పెన్సిలు గీత మానకండి.

సిద్దిపేటచిన్నోడు (ఉప్పల్)

అక్కా నమస్తే. మాది సిద్దిపేట దిక్కు, చేర్యాల మాకు దగ్గర్నే. ఈ పటాలు గీసే నకాషీ వాళ్ళ ఇండ్లల్ల పని చూసిన కాబట్టి చెప్తున్న.

గుడ్డ ఖద్దరుదే తీస్కోవాలె. మిల్లు గుడ్డ నున్నగుంటది, పూత గట్టిగ పట్టదు. పూతల పడేటివి నాలుగు: గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక నీళ్ళు. చింతగింజలు నానవెట్టి పొట్టు తియ్యాలె. జెర వేయించి నానవెడితే పొట్టు అల్కగ వస్తది. మెత్తగ నూరి సన్నమంట మీద ఉడకవెట్టాలె, అడుగంటకుంట కలుపుతనే ఉండాలె. రెండు వేళ్ళ నడుమ రాస్తే తీగ సాగాలె, గప్పుడు అయినట్టు. అన్నీ కలిపి గుడ్డకు పూస్తరు. ఒక పూత మంచిగ ఎండినంకనే ఇంకోటి. మూడు పూతలు. ఎండినంక గుడ్డ కాయితం లెక్క బిగుసుకుంటది, గీత ఎక్కడ పెడితే అక్కడ నిలబడతది.

చింతగింజలు ఎందుకంటే, పటం చుట్టి పెట్టేది కదా. కథ చెప్పేటాయన పటం విప్పుకుంట చెప్తడు. పద్మశాలోళ్ళకు మార్కండేయ పురాణం కూనపులి వాళ్ళు చెప్తరు, గొల్లోళ్ళకు కాటమరాజు కథ మందహెచ్చులోళ్ళు చెప్తరు. ఊరూరు తిరిగి రాత్రంత కథ నడుస్తది. విప్పుడు, చుట్టుడు, విప్పుడు, చుట్టుడు. పూత పెళుసుగుంటే రెండు కథలకే పలిగిపోతది. అందుకే సుద్ద ఎక్కువ వెయ్యకు, జిగురు తక్కువ చెయ్యకు.

ఎరుపుకు ఎన్కట ఇంగిలీకం వాడేటోళ్ళు. అది పాదరసం ఉన్న రాయి, ఇంట్ల అసలే వద్దు. జాజు (ఎర్రమన్ను) నూరుకో, లేకుంటే పోస్టర్ కలర్ ఎరుపు వాడుకో. మొదలు గీత, తర్వాత ఎర్ర నేల నింపుడు, ఆ తర్వాత ఒంటి రంగులు, బట్టలు, నగలు. ఆఖర్కి నల్లగీత మళ్ళ.

మణికొండలత

ఎంత బాగా చెప్పారు తమ్ముడూ, సేవ్ చేసుకున్నాను.

నాదొక చిన్న సందేహం. నేను ఎపాక్సీ రెసిన్‌తో (హార్డెనర్ కలిపి పోస్తే గట్టిపడే ద్రవం) ట్రేలు, గడియారాలు చేస్తాను. వానాకాలంలో పోసినవాటి మీద తెల్లటి పొరలాంటిది వస్తోంది, చేత్తో తాకితే కాస్త జిగటగా ఉంటుంది. కొలతలు డబ్బా మీద రాసినట్టే వేస్తున్నాను. ఎందుకంటారు?

ల్యాబ్‌బాబాయ్

అమ్మా, అది తేమ పని. ఎపాక్సీ గట్టిపడటానికి వాడే హార్డెనర్లో అమైన్లనే రసాయనాలు ఉంటాయి. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు అవి రెసిన్‌తో కలవాల్సింది పోయి, పైపొరలో తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలుస్తాయి. ఆ తెల్లపొర అదే. పూర్తిగా గట్టిపడ్డాక గోరువెచ్చని సబ్బునీళ్ళతో తుడిస్తే చాలావరకు పోతుంది. వానాకాలంలో తలుపులు మూసిన గదిలో, ఏసీ డ్రై మోడ్‌లో పెట్టి పోయండి.

కానీ ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. తలుపులు మూశామంటే ఆవిరి కూడా గదిలోనే ఉంటుంది. మామూలు గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఆ ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ ఆవిరికి సరిపడే కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. నైట్రైల్ చేతిగ్లవ్స్ తప్పనిసరి. ఎపాక్సీ ఎలర్జీ మొదటిరోజే రాదు. తాకగా తాకగా ఒకరోజు వస్తుంది, వచ్చాక పోవడం కష్టం. చర్మం మీద పడితే సబ్బుతోనే కడగండి, థిన్నర్‌తో తుడిస్తే ఇంకా లోపలికి దిగుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళు పడుకునే గదిలో ఈ పని పెట్టొద్దు. ఒకేసారి లోతుగా పోయొద్దు, ఎక్కువ మొత్తం ఒకచోట ఉంటే తన వేడికి తానే కాగి గిన్నె కరిగేదాకా వస్తుంది.

నూనెరంగులు వేసేవాళ్ళకి కూడా ఒక మాట. లిన్‌సీడ్ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉంటే ఆ వేడి బయటికిపోక అంటుకుంటుంది. విడివిడిగా పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్ళలో ముంచి మూతున్న ఇనప డబ్బాలో వేయండి.

మణికొండలత

చాలా థాంక్స్ బాబాయ్ గారూ. రెస్పిరేటర్ ఈ వారమే కొంటాను, అప్పటిదాకా రెసిన్ ముట్టుకోను.

పెడనపిల్ల (నిజాంపేట)

రంగులడబ్బా గారూ, మీ రాళ్ళ కోసం కలంకారీ కలం ఒకసారి పట్టుకోండి. మాది పెడన, మా దగ్గర అచ్చులతో అద్దుతారు. కలంతో గీసేది శ్రీకాళహస్తి పద్ధతి, అది తర్వాత నేర్చుకున్నాను.

గుడ్డని కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతాం. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకి పాకదు. కలం అంటే వెదురుపుల్ల. మొన చెక్కి, కాస్త పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో బిగిస్తాం. ఆ చుట్టులో రంగు నిలుస్తుంది, వేళ్ళతో నొక్కిన కొద్దీ మొనలోకి దిగుతుంది.

నల్లరంగు కసిం. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళు కలిపి కుండలో వారాలపాటు పులియబెడతారు. కుండలో చూస్తే అది నలుపే కాదు, పలచని గోధుమరంగు నీళ్ళు. కలంతో గుడ్డ మీద పెట్టగానే, కరక్కాయలోని వగరు తగిలి, గీత వెనకాలే నల్లబడుతూ వస్తుంది. కలం ముందుకెళ్తుంటే దాని వెంట నలుపు పుడుతుంటుంది. నేను ఎన్నిసార్లు చూసినా చేయి ఆపి చూస్తాను. చెరపడం అన్న మాటే లేదు అందులో. మీరు లినోలో చెప్పిన ఆ అంచు తేల్చుకోవడం ఇక్కడ కూడా ఉంది, కాకపోతే ఇక్కడ చేయి ఆగితే మరక పెద్దదవుతుంది.

ఓయూకుర్రాడు

అన్నలూ అక్కలూ, ఇవన్నీ చదువుతుంటే ఆశగా ఉంది. హాస్టల్లో ఉంటాను, చేతిలో డబ్బులు తక్కువ. దేనితో మొదలుపెట్టమంటారు? ఆన్‌లైన్లో 48 రంగుల సెట్లు తక్కువకే కనిపిస్తున్నాయి.

గోల్కొండగీతలు

48 వద్దు తమ్ముడూ. ఒక పసుపు, ఒక ఎరుపు, ఒక నీలం ట్యూబులు మంచివి తీసుకో. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా కలిపితే మన రాళ్ళ నీడలన్నీ వస్తాయి, కాబట్టి నాలుగోది బర్న్ట్ సియెన్నా. ట్యూబు మీద పిగ్మెంట్ కోడ్ (లోపల ఏ రంగుపొడి ఉందో చెప్పే గుర్తు) చూసుకో. అల్ట్రామెరీన్ అంటే పీబీ 29 ఉండాలి. కోడే లేని ట్యూబులో ఏముందో నమ్మకం లేదు. అనుమానముంటే కాగితం మీద గీతలు పూసి, సగం నల్లకాగితంతో కప్పి, ఎండ తగిలే కిటికీకి అంటించు. వేసవి అయ్యేసరికి ఏ రంగు నిలబడేదో, ఏది పారిపోయేదో తేలిపోతుంది. రంగుల మీద మిగిల్చింది కాగితం మీద పెట్టు.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో బొమ్మల పుస్తకాలు దొరుకుతాయి, ఓపిగ్గా వెతుక్కో. సాలార్జంగ్ మ్యూజియంకి స్కెచ్‌బుక్ పట్టుకెళ్ళు, శుక్రవారం సెలవు. అక్కడి బిద్రీ పాత్రల ముందు కూర్చుని గీయి. నల్లటి లోహంలో వెండి తీగ ఎక్కడ సన్నబడుతుందో, ఎక్కడ ఆకై విచ్చుకుంటుందో చూస్తుంటే డిజైను అదే నేర్పిస్తుంది.

నల్లబొగ్గు

లేదా ఒక బొగ్గు పుల్ల, ఒక కట్ట బ్రౌన్ పేపరు. ఇంకేమీ అక్కర్లేదు. ఆదివారాలు నేను మౌలాలి గుట్ట దగ్గర గీస్తుంటాను, నీకు వీలైతే రా. రంగులడబ్బా గారూ, మీరు కూడా.

చక్రంమీదచేయి (అల్వాల్)

మట్టి గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు కాబట్టి నా వంతు. ఇంట్లో చేసిన మట్టిబొమ్మ కాల్చేటప్పుడు పగిలితే అందరూ లోపల గాలి ఉండిపోయిందంటారు. ఎక్కువసార్లు కారణం గాలి కాదు, తడి. పైకి ఎండినట్టున్నా లోపల తేమ ఉంటే, ఆవంలో వేడి 100 డిగ్రీలు దాటగానే అది ఆవిరై బయటికి దారిలేక మట్టిని చీలుస్తుంది. మట్టి పిసకడం ఎందుకంటే తేమ అంతటా ఒకేలా సర్దుకోవడానికి, గాలి బుడగలు పోవడానికి. చపాతీ పిండి అంత మెత్తదనం చాలు.

రంగులడబ్బా గారూ, రాళ్ళు మట్టిలో చేస్తున్నారు కాబట్టి లోపల బోలుగా చేసి అడుగున రంధ్రం వదలండి. ముద్దలా గట్టిగా చేసిన రాయి ఎప్పటికి ఎండుతుందో చెప్పలేం. మన మే ఎండలో నేరుగా పెట్టొద్దు, పైపొర ముందే బిగిసి పగుళ్ళు వస్తాయి. మొదట్లో పాలిథిన్ కవరు కప్పి నీడలో ఉంచి, రోజూ కాసేపు తీసి గాలి తగలనివ్వండి. బాగా ఎండిందో లేదో చెంపకి ఆనించి చూస్తే తెలుస్తుంది, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

రంగులడబ్బా

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. అడుగున రంధ్రం సంగతి ఇప్పుడు చేస్తున్న బొమ్మకే పనికొస్తుంది, ఇంకా పచ్చిగానే ఉంది. పెడనపిల్ల గారూ, గీత వెనకాల నలుపు పుట్టడం అన్నది చదివినప్పటినుంచీ తలలో అదే తిరుగుతోంది. చేర్యాల గుడ్డ తర్వాత అదే. నల్లబొగ్గు గారూ, మౌలాలికి తప్పకుండా వస్తాను.

సిద్దిపేటచిన్నోడు తమ్ముడూ, బంక నీళ్ళకి నీటిరంగుల కోసం తెచ్చుకున్న తుమ్మబంక నా దగ్గర ఉంది. అదే వాడొచ్చా? ఎర్ర నేల మీద మన రాళ్ళని ఒకదాని కింద ఒకటి, పటంలో కథ నడిచినట్టు పైనుంచి కిందికి వేయాలని ఉంది. ఖాజాగూడ పైన, మౌలాలి కింద.

సిద్దిపేటచిన్నోడు

వాడొచ్చు అక్కా. నకాషీ వాళ్ళు రంగులల్ల తిరుమణి బంక కలుపుతరు, నీ పనికి తుమ్మబంక నడుస్తది. రాత్రి నీళ్ళల్ల నానవెట్టి పొద్దుగాల పల్చటి గుడ్డల వడగట్టు, ఇసుక, బెరడు ముక్కలు ఉంటయి. నిలువు పటమైతే గుడ్డ పొడుగు తీస్కో, వెడల్పు మూరెడు చాలు. ముందుగాల జానెడు ముక్క మీద మూడు పూతలు వేసి, ఎండినంక కట్టెకు చుట్టి చూడు. పగుళ్ళు పడితే చింతగింజల అంబలి ఇంకింత కలుపు. అది కుదిరినంకనే పెద్ద గుడ్డ ముట్టు. ఫోటో పెట్టు, చూసి చెప్త.